పాలక్ తెమ్మన్నారు

పవర్ హౌస్ బజారులో ఆకుకూరలమ్మే గున్నమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే అది అక్కడ ఎక్కువసేపు నిలవదు, ఇట్టే జారిపోతుంది. కట్ట విప్పి ఆకు ఆకూ తిరగేసి చూసేవాళ్ళంటే ఆవిడకి అస్సలు పడదు. "పెల్లికూతుర్ని సూసినట్టు సూస్తన్నావేటి? తీసుకుంటే తీసుకో, నేకపోతే ఒగ్గీ!" అని కసురుతుంది. ఎదుట నిలబడింది మార్వాడీ సేఠానీ అయినా, సర్దార్జీ అయినా ఆ కసురు తెలుగులోనే. అర్థం కానివాళ్ళు నవ్వేసి కొనుక్కుపోతారు. అర్థమైన తెలుగువాళ్ళు మాత్రం కసురు విన్నందుకు కూలి అన్నట్టు రెండు రెమ్మలు కొత్తిమీర కొసరు లాక్కుపోతారు.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి పక్క పల్లె నుంచి కొత్త కోడలిగా ఆవిడ భిలాయి వచ్చింది. భర్త సింహాద్రికి స్టీలు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పని. సందె వేళ రైలు దిగుతూనే ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా కనిపించేసరికి ఊరు తగలబడిపోతోందనుకుని స్టేషన్లోనే శోకాలు మొదలుపెట్టిందని, కూలీలంతా చుట్టూ మూగారని సింహాద్రి ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు. ఆయన రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి క్యాంపు అనే పేటలో రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. పొద్దుపోక ఆయన కుర్చీలో కూలబడితే, పొద్దుపోక ఈవిడ బుట్ట ఎత్తింది.

ఇన్నేళ్ళున్నా గున్నమ్మ హిందీ ఒక దారికి రాలేదు. ఆడామగా తేడా ఆవిడ హిందీలో లేదు. పోలీసు జమేదారుని "కహాఁ జాతీ హై?" అని పలకరిస్తుంది, ఆయన భార్యని "కబ్ ఆయా?" అంటుంది. ఇంట్లో ఉన్న మనవరాలు హైమవతి దీనికి సరిగ్గా తిరగేసిన అచ్చు. హిందీ గలగలా పారుతుంది, తెలుగు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు తడబడతాయి. హిందీలో అనుకుని తెలుగులో అనేస్తుంది. ఒకసారి "అమ్మమ్మా, బస్సు వచ్చిపోయింది!" అని అరిచింది. వెళ్ళిపోయిన బస్సు కోసం పరిగెత్తడం ఎందుకని గున్నమ్మ నింపాదిగా బుట్ట దించి కూర్చుంది. తీరా చూస్తే బస్సు ఎదురుగా నిలబడే ఉంది, పిల్ల చెప్పింది బస్సు వచ్చిందనే. ఆవిడ లేచి మెట్టు మీద కాలు పెట్టేలోపు అది నిజంగానే వచ్చి పోయింది.

హైమ కూతురి కూతురు. కూతురు రజనీకుమారి, అల్లుడు బలరాం నందిని అనే ఊళ్ళో గనుల దగ్గర ఉంటారు. అక్కడ సున్నపురాయి లారీల మీద అల్లుడి పని. రజనీకి రెండో కాన్పు వచ్చినప్పుడు పసిపిల్ల హైమని నాలుగు నెలలు ఉంచుకుంటానని గున్నమ్మ తెచ్చుకుంది. ఆ నాలుగు నెలలూ గడిచాయి, పిల్ల అయిదో తరగతికి వచ్చింది, ఆవిడ మాత్రం పంపలేదు. అడిగితే ఏదో ఒక వంక. అసలు సంగతి, ఆ పిల్ల లేకుండా ఆవిడ ఉండలేదు.

ఛత్తీస్‌గఢ్ విడి రాష్ట్రమై అప్పటికి మూడేళ్ళు నిండలేదు. హైమ చదివేది పట్టాల అవతల ఉన్న సర్కారు ప్రాథమిక శాలలో. అక్కడ పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండి పెట్టడం మొదలుపెట్టారు. అయిదో తరగతికి బోర్డు పరీక్ష కాబట్టి హైమకి ఆ ఏడు ముఖ్యమైనది.

జూలైలో ఒక సాయంత్రం హైమ బడి నుంచి వచ్చి సంచీ విసిరేసి చెప్పింది. "అమ్మమ్మా, మేడమ్ బోలీ, రేపు అందరూ పాలక్ తెమ్మంది."

"పాలకూరేటి? బడికెందుకే?"

"మీటింగ్ ఉంది కదా. పాలక్ లేకపోతే మీటింగ్ ఎలా?"

నిజమే అనుకుంది గున్నమ్మ. మీటింగంటే పదిమంది వస్తారు, వచ్చినవాళ్ళకి అన్నం పెట్టాలి, అన్నంలోకి పప్పు ఉండాలి. ఆకుకూరలమ్మే ఇంటి నుంచి కాక ఇంకెక్కడి నుంచి అడుగుతారు? ఆవిడకి గర్వం కూడా కలిగింది. "నువ్వు మొయ్యలేవు గాని, నానే అట్టుకెల్లి ఇచ్చీసొస్తాను," అంది.

మర్నాడు పొద్దున్నే మండీలో ఏరికోరి లేత పాలకూర కట్టలు తీయించి, దారిలో బడి వంటపాకలో దింపి, తన కొట్టుకి వెళ్ళిపోయింది. వంటామె సంతోషంగా పుచ్చుకుంది. ఎవరో పుణ్యాత్మురాలు పిల్లల కోసం ఇచ్చిందనుకుంది. సాయంత్రం హైమ "స్కూలుకి వచ్చావా?" అని అడిగితే గున్నమ్మ "ఒచ్చినాను, ఇచ్చీసినాను," అంది. ఆ మాటతో పిల్ల ఊరుకుంది.

ఆగస్టులో మళ్ళీ పాలక్ తెమ్మన్నారు. గున్నమ్మ మళ్ళీ తీసుకెళ్ళి ఇచ్చింది. సెప్టెంబరులోనూ అంతే, ఆ సారి ఇంకో రెండు కట్టలు ఎక్కువే వేసింది. బడివాళ్ళకి తన పాలకూర రుచి బాగా తగిలిందని సింహాద్రితో గొప్పగా చెప్పుకుంది కూడా. ఆయన రేడియో చెవికి ఆనించుకుని తలూపాడు.

నాలుగోసారి మాత్రం హైమ ఏడుస్తూ వచ్చింది. "మేడమ్ నా పేరు కొట్టేస్తుందట. ఎన్నిసార్లు చెప్పినా నా పాలక్ రాలేదని."

గున్నమ్మ ఒంటికాలి మీద లేచింది. "రాకపోవడమేటి! మోసి మోసి నా నడుం పడిపోనాది! నా కూర తిన్న నోటితో ఆ మాటెలగన్నారు?"

ఆ కోపంలో భయం కూడా కలిసి ఉంది. అల్లుడు బలరాం మొన్న వచ్చినప్పుడు ఒక మాట అని వెళ్ళాడు. "ఇక్కడ సదువు సాగితే సాగింది అత్తా, నేకపోతే గుంటని నందినికి తోలుకుపోతాను. అక్కడ తమ్ముడినైనా సూసుకుంటాది." పేరు కొట్టేశారంటే ఆ మాటకి ఇక అడ్డు ఉండదు. పిల్ల ఏడాదీ పోతుంది, పిల్లా పోతుంది.

మర్నాడు కొట్టు కూడా తెరవకుండా మనవరాలి చెయ్యి పట్టుకుని బడికి వెళ్ళింది. ఆ బడి ప్రధానోపాధ్యాయిని చంద్రాకర్ మేడమ్. పిల్లలంతా పెద్ద మేడమ్ అన్న అర్థంలో "బడీ మేడమ్" అంటారు. గున్నమ్మ దాన్ని 'బడి మేడమ్' అని విని, బడికి మేడమ్ కదా, సరిగ్గానే పెట్టారు పేరు అనుకుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది హిందీలో. అందులో సగం హిందీకి సిక్కోలు యాస అంటిందని వేరే చెప్పక్కర్లేదు.

"పాలక్ నాను తెచ్చినాను! మూడుసార్లు తెచ్చినాను!" అంది గున్నమ్మ గుమ్మంలోంచే.

మేడమ్ కళ్ళజోడు సవరించుకుంది. "ఎవరిని తెచ్చావమ్మా? నేను చూడలేదే. ఎక్కడున్నారు?"

"ఇంకెక్కడుంటాది! మీ పిల్లలు తినీసినారు కదా!"

మేడమ్ నోరు వెళ్ళబెట్టింది. పక్క గదిలో రెండో తరగతికి ఎక్కాలు చెబుతున్న టీచరు ఎక్కం ఆపేసింది.

"పాలక్‌ని... పిల్లలు తినేశారా?"

"తినీసినారు! వండింది మీ మనిషే. అడగండి!"

ఈ గోలకి వంటామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గున్నమ్మని చూసి మొహం విప్పార్చుకుంది. "ఈ అమ్మే మేడమ్, పాలకూర ఇచ్చి వెళ్ళేది! నేను చెప్పలేదూ, ఎంత లేతగా ఉందో అని!"

ముందు హైమకి అర్థమైంది, రెండు చేతులతోనూ మొహం కప్పుకుంది. తర్వాత మేడమ్‌కి అర్థమైంది. నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించింది కానీ బల్ల మీద తల పెట్టేసి నవ్వింది. ఇక్కడి బడుల్లో పాలక్ అంటే పిల్లల్ని పెంచే పెద్దలు అమ్మాజీ, పిల్లల చదువు గురించి మాట్లాడుకోవడానికి మేం పిలిచింది మిమ్మల్ని, మీ పాలకూరని కాదు అని కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. మనుషుల్ని వెంటబెట్టుకు రావడాన్నీ 'లానా' అనే హిందీని హైమ ఉన్నదున్నట్టు 'తెమ్మన్నారు' అని తెలుగులోకి దింపడంతో గున్నమ్మ నిండా పాలకూర పప్పులో కాలేసింది. అందరికంటే ఆలస్యంగా నవ్వింది ఆవిడే. నవ్వాక అందరికంటే ఎక్కువసేపు నవ్వింది కూడా.

నవ్వు సద్దుమణిగాక మేడమ్ గొంతు మారింది. "కానీ అమ్మాజీ, పేరు కొట్టేస్తాననడం నవ్వులాట కాదు. ప్రతి శుక్రవారం హైమ రాదు. మధ్యలో వేరే రోజుల్లో కూడా రాదు. హాజరు చాలకపోతే బోర్డు పరీక్షకి పంపలేను. వాళ్ళమ్మో నాన్నో వచ్చి నాకు మాట ఇవ్వాలి."

శుక్రవారం అనగానే గున్నమ్మ తల దించుకుంది. శుక్రవారం వారపు సంత. కొనేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడతారు. హైమ పక్కన కూర్చుంటే లెక్క నోటిమీదే తేలుస్తుంది, హిందీ బేరాలు చక్కబెడుతుంది. ఆ ఒక్కరోజుకి ఏమైందిలే అని ఆవిడే పిల్లని కూర్చోబెట్టుకుంటోంది. ఆ తప్పు తనదేనని ఆవిడకి తెలుసు.

అయినా కూతుర్నీ అల్లుణ్ణీ పిలవడమంటే పిల్లని వాళ్ళకి అప్పజెప్పడమే. ఆవిడ తలెత్తింది. "మాయమ్మి పిల్లాడినొగ్గీసి రాలేదు, అల్లుడికి సెలవు నేదు. అయినా బయిన్‌జీ, మీరు అమ్మా బాబూ రావాలని పిలవనేదు కదా? పాలక్ రావాలన్నారు. పెంచినోల్లే పాలక్ అని ఇప్పుడే సెప్పినారు. మరి ఈ గుంటని పెంచింది నానే కదా!"

మేడమ్ ఒక్క క్షణం ఆలోచించింది. "పెంచింది నువ్వే అయితే పాలక్‌వి నువ్వే. మాట నువ్వే ఇవ్వు."

"ఇస్తాను. మాలో పాలకులంటే ఏలినోల్లు బయిన్‌జీ. అష్టదిక్పాలకులని హరికతల్లో సెప్తారు. ఆ పేరెట్టి పిలిసినాక మాట తప్పుతానేటి?"

మేడమ్ ఈసారి హైమ వైపు తిరిగింది. "శుక్రవారం సంగతి తెలిసింది. మిగతా రోజులు ఎందుకు రావు?"

హైమ కాలి బొటనవేలితో నేల గీస్తూ చెప్పింది. "గురూజీ రావడం లేదు కదా మేడమ్. ఊరికే కూర్చోవాలి. అందుకని."

ఇప్పుడు తల దించుకోవడం మేడమ్ వంతయింది. అయిదో తరగతి గురూజీని ఓటర్ల జాబితా పనికి పంపేశారు. ఉన్న ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు లాక్కొస్తోంది ఆవిడ. ఎన్నిసార్లు పైవాళ్ళని అడిగినా ఇంకో మనిషిని ఇవ్వలేదు. ఆ మాటే దాచకుండా చెప్పింది.

గున్నమ్మకి జాలేసింది. తన కొట్టు పని తనకే మించిపోయే శుక్రవారాలు ఆవిడకి తెలుసు. "సరే బయిన్‌జీ. గుంట రోజూ రావడం నా పూచీ. ఒచ్చిన గుంటకి పాటం సెప్పించడం మీ పూచీ. నాను తప్పితే మీరు నన్నడగండి. మీరు తప్పితే నానొచ్చి అడుగుతాను. ఏటంటారు?"

"అడగాలి. అది పాలక్ హక్కు," అంది మేడమ్. గురూజీ తిరిగొచ్చేదాకా అయిదో తరగతి పాఠం తనే చెబుతానంది. ఎప్పుడైనా వచ్చి క్లాసులో కూర్చుని చూసుకోవచ్చని కూడా అంది. అయితే దీపావళి సెలవులిచ్చేలోపు కారణం లేకుండా ఒక్కరోజు మానినా ఇక తన చేతిలో ఏమీ ఉండదని ఖచ్చితంగా చెప్పింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే సింహాద్రి రేడియో కట్టేసి మరీ విన్నాడు. "ఉన్న దిక్పాలకులు ఎనమండుగురు. ఇప్పుడు నువ్వు తొమ్మిదో దానివి. మరి నా గతేటి?" అన్నాడు.

"నీ గతా? శుక్రారం కొట్లో కూకో," అంది గున్నమ్మ.

ఆయన కూర్చున్నాడు. కోక్ ఓవెన్ల వేడికి వెరవని మనిషి గోంగూర కొనే ఆడవాళ్ళ ముందు బెంబేలెత్తిపోయాడు. పాత ప్లాంటు మిత్రుడెవరైనా కనిపిస్తే చాలు, కబుర్లలో పడి కరివేపాకు ఊరికే ఇచ్చేసేవాడు. గున్నమ్మ తిట్టేది, ఆయన వినేవాడు, సంత ఎలాగో గడిచేది. హైమ మాత్రం ఒక్కరోజూ మానలేదు. మేడమ్ కూడా మాట నిలబెట్టుకుంటోంది. రాత్రి అన్నాల దగ్గర పిల్ల భిన్నాల గురించి చెబుతూ రొట్టె ముక్కలు చేసి చూపిస్తే, గున్నమ్మకి ఏమీ అర్థమయ్యేది కాదు గానీ కడుపు నిండిపోయేది.

దీపావళి ముందు, ప్లాంటు వాళ్ళకి బోనసు పడ్డాక వచ్చిన శుక్రవారం అది. ఏడాది మొత్తంలో అంత గిరాకీ ఇంకో రోజు ఉండదు. సరిగ్గా ఆ రోజే సింహాద్రికి జ్వరం తగిలింది. గున్నమ్మ ఒక్కతే కూర్చుంది. ఎదుట మనుషులు గోడ కట్టినట్టు నిలబడ్డారు. ఒకడు ఎక్కువ చిల్లర పుచ్చుకుని మాయమయ్యాడు, ఒకావిడ తక్కువైందని జుట్టు పట్టుకునేంత పని చేసింది. ఎవరికి ఏ కట్ట ఇచ్చిందో ఆవిడకే తెలియడం లేదు.

అప్పుడే గుంపులోంచి దూరి హైమ వచ్చి పక్కన కూర్చుంది.

"మేడమ్ రాలేదు అమ్మమ్మా. ఇంకా హాజరీ కూడా కాలేదు. క్లాసంతా గోల. నువ్వు ఒక్కదానివే ఉన్నావని పరిగెత్తి వచ్చాను." అంటూనే చిల్లర డబ్బా లాక్కుంది. "హాఁ ఆంటీ, మేథీ ఎన్ని కట్టలు?"

చూస్తుండగానే గోడ కరిగిపోయింది. పేచీ పెట్టినావిడ నవ్వుతూ వెళ్ళింది. గున్నమ్మ చీర కొంగుతో మొహం తుడుచుకుని ఊపిరి పీల్చుకుంది. ఎంత హాయిగా ఉందో! మేడమే రాలేదు, తప్పు మనది కాదు, ఈ ఒక్క శుక్రవారానికి ఎవరేమంటారు అని మనసు గుంజింది. పిల్ల తల మీద చెయ్యి కూడా వేసింది.

వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మేడమ్ ఏ క్షణాన అయినా రావచ్చు. వచ్చి పేరు పిలిస్తే ఎవరూ పలకరు. అటు తర్వాత బలరాం వచ్చి నందిని బస్సెక్కిస్తాడు. పిల్ల ఆ బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపడం ఆవిడ కళ్ళకి కట్టింది.

"లెగు," అంది.

"అమ్మమ్మా, ఇంతమంది ఉన్నారు!"

"లెగమన్నానా!"

కూరల మీద తడిగోనె కప్పేసి, పక్కన ఉల్లిపాయలమ్మే సొలొమోనుని చూస్తుండమంది. ఏడాదికొక్కసారి వచ్చే గిరాకీని ఎదుట నిలబెట్టి ఎక్కడికి పోతున్నావు పిన్నీ అని అతను గోలపెట్టాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని పట్టాల మీది వంతెన ఎక్కింది. మోకాళ్ళు నొప్పెడితే ఆ మోకాళ్ళనే తిట్టుకుంటూ నడిచింది.

బడికి వెళ్ళేసరికి అయిదో తరగతిలో నిజంగానే సంత నడుస్తోంది. కుర్చీ ఖాళీగా ఉంది. గున్నమ్మ హైమని వరసలో కూర్చోబెట్టి, తిన్నగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. పిల్లలు గోల ఆపి సర్దుకు కూర్చున్నారు. బజారులో ఆవిడ కసురు తినని పిల్లలు ఆ చుట్టుపక్కల తక్కువ.

"ఏటి సూస్తారు? కితాబు నికాలో. పఢో!" అంది.

ఒకడు లేచి వణుకుతూ చదివాడు. తర్వాత ఇంకో పిల్ల. గున్నమ్మకి అందులో సగం కూడా తెలియకపోయినా, తడబడినవాళ్ళని మళ్ళీ చదవమంది, గట్టిగా చదివినవాళ్ళని "శబాష్" అంది. ఇలా పాఠం సాగుతుండగా చంద్రాకర్ మేడమ్ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. తనుండే భిలాయి-3 పేట నుంచి వచ్చే దారిలో ఆటో ఆగిపోతే, బోనసు బజారు రద్దీలో ఇంకో ఆటో దొరక్క సగం దూరం నడిచి వచ్చిందట.

గున్నమ్మ లేచి కుర్చీ వదిలింది. అడగాలని దారంతా కూడబెట్టుకున్న మాటలు, మేడమ్ చెప్పుల నిండా ఉన్న దుమ్ము చూశాక నోట్లోంచి రాలేదు.

"అడుగు అమ్మాజీ," అంది మేడమ్. "అడిగే రోజే ఇది."

"అడగడానికే ఒచ్చినాను. గాని మీరూ నాలాగే పరిగెత్తుకొచ్చినారు కదా. ముందు పేర్లు పిలవండి."

మేడమ్ కూర్చోకుండానే హాజరు పిలిచింది. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క గొంతు "ఉపస్థిత్" అంటోంది. గున్నమ్మ వెళ్ళకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది. వరసగా సాహూ పిల్లలు అయిపోయారు, వర్మా పిల్లలు అయిపోయారు. మనవరాలి పేరు ఇంకా రాలేదు.

"హైమవతి."

"ఉపస్థిత్ మేడమ్!" అంది పిల్ల, అందరికంటే గట్టిగా, మేడమ్‌ని కాకుండా గుమ్మం వైపు చూస్తూ.

గున్నమ్మకి ఏడుపొచ్చింది. పిల్లలు చూస్తున్నారని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మాజీ, బజారులో నీ కొట్టు?" అంది మేడమ్.

"పేరు పిలిసినారు కదా బయిన్‌జీ," అంది గున్నమ్మ. "ఇంక ఎల్తాను."